బొగ్గు పొయ్యి ముందు ప్రార్థన

డెబ్భైల చివర్లో, ఒమాన్ దేశంలోని నిజ్వాలో చలికాలం వస్తే మా నర్సుల క్వార్టర్స్‌కి ఒక ఇనుప బొగ్గు పొయ్యి ఇచ్చేవారు. దాన్ని ఎలా వాడాలో చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టేది. బొగ్గులు సగం దాకానే వెయ్యాలి. నిప్పులు ఎర్రగా ఉన్నంతసేపూ పొగగొట్టంలోని రేకు మూత ముయ్యకూడదు. కిటికీ కాస్త తీసి ఉంచాలి. ఇంతే కదా!

వినేదెవరు? నా రూమ్‌లో ఉండే భీమవరం అక్క పొయ్యిని అంచుదాకా నింపి, ఇంట్లో కుంపటికి కప్పినట్టు పైన బూడిద కప్పేది. వేడి పోతుందని, నేను చూడకుండా గొట్టం మూసేది. కిటికీ సందుల్లో పాత చీర కుక్కేది.

అక్కడ వారం సెలవు శుక్రవారమే. ఒక శుక్రవారం పొద్దున మా రూమ్‌లోనే ప్రార్థన పెట్టుకున్నాం. అక్క మొదలుపెడితే బంధువులందరి పేర్లూ అయ్యేదాకా ఆపదు. మధ్యలో నాకు తల దిమ్మెక్కింది. కళ్ళు తెరిచి చూస్తే ఒకావిడ ఊగుతోంది, ఇంకొకావిడ గోడకి జారబడింది. ఒక్క ఉదుటున లేచి తలుపు బార్లా తీశాను. ఆమెన్ అనకముందే లేచానని అందరూ నన్ను గుర్రుగా చూశారు.

"తల గిర్రున తిరిగిపోయిందమ్మా. ఇవాళ పరిశుద్ధాత్మ దిగొచ్చాడు," అంది అక్క కళ్ళు తుడుచుకుంటూ.

"అది బొగ్గు గాలి అక్కా! గొట్టం మూసింది నువ్వే కదా!" అని అరిచాను.

"నీకు భక్తి లేదులే," అంది.

ఆ గదిలో ఉన్న ఏడుగురమూ నర్సులమే. రోజూ వార్డులో ఊపిరాడని వాళ్ళకి ఆక్సిజన్ పెట్టేది మేమే.