పెద్దమ్మ దగ్గు

రెడీమేడ్ చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టే ఆమెకు ముందూ వెనకా ఎవరూ లేరు. చెల్లెలు పోయాక, పెద్దమ్మా అని పిలవడానికి చెల్లెలి కూతురొక్కతే మిగిలింది. ఆ పిల్లకు కొడుకు పుట్టాడని కబురు రాగానే సెలవు పెట్టి, పాత నూలుబట్టలు మెత్తగా ఉతికి పొత్తిగుడ్డలు చేసుకుని వెళ్లింది.

అప్పటికే ఆమెకు దగ్గు. పక్క మిషనావిడ దగ్గీ దగ్గీ ఊరుకున్నాక ఈమెకు పట్టుకుంది. జ్వరం లేదు, నీరసం లేదు. నూలుపొట్టు గొంతులో పడిందనుకుంది. కుట్టేది చొక్కాలు, తినేది నూలుపొట్టు అని ఫ్యాక్టరీలో అందరూ నవ్వుకునేదే.

పసివాణ్ణి ఒళ్లో వేసుకుంటే ఆమెకు లోకం కనబడలేదు. దగ్గొస్తే మొహం పక్కకు తిప్పుకునేది, వెంటనే వాడి నుదుటి మీద ముద్దు పెట్టేది.

కొన్నాళ్లకు వాడికి ముక్కు కారింది. జలుబే అనుకున్నారు. ఒక మధ్యాహ్నం పాలు తాగుతుండగా దగ్గు తెర కమ్ముకుంది. ఊపిరి అందక పెదాలు నీలంగా మారాయి. ఉన్నపళాన ఆసుపత్రికి పరిగెత్తారు.

ఇంట్లో ఎవరికైనా దగ్గుందా అని డాక్టరమ్మ అడిగింది. ఎవరూ పెద్దమ్మ వైపు చూడలేదు.

"నాకుందమ్మా," అంది ఆమె.

పరీక్షలో ఇద్దరికీ కోరింత దగ్గని తేలింది. చిన్నప్పటి టీకా బలం పెద్దయ్యేసరికి తగ్గిపోతుందట. పెద్దవాళ్లలో ఆ క్రిమి ఉత్త దగ్గులా తిరుగుతూ, తుంపర్లతో పక్కవాళ్ల ఊపిరి గొట్టాల్లో చేరి అతుక్కుంటుందట. టీకా ఇంకా పడని పసివాళ్లకైతే ఊపిరే ఆగిపోవచ్చట. మీ తప్పేం లేదని కూడా డాక్టరమ్మ చెప్పింది. ఆ మాట ఆమె చెవికెక్కలేదు.

బిడ్డ బతికి బట్టకట్టాడు. ఆమె కూడా మందులు పూర్తిగా వాడింది. ఇక ఎవరికీ అంటదన్నారు. క్రిమి పోయినా, అది లోపల చేసిన గాయం మానేదాకా దగ్గు మాత్రం వదల్లేదు. బస్సులో దగ్గితే పక్కసీటు ఖాళీ అయ్యేది. ఆమెకు అదే నయమనిపించేది.

దగ్గు పూర్తిగా తగ్గాక చెల్లెలి కూతురు ఫోన్ చేసి రమ్మంది. వెళ్లి, గుమ్మం దగ్గరే పీట వేసుకుంది.

"ఎత్తుకో పెద్దమ్మా. నిన్ను చూసే కాళ్లాడిస్తున్నాడు."

"చేతులు తడిగా ఉన్నాయిలే తల్లీ," అంటూ పొడి చేతులు ఒళ్లో దాచుకుంది.

ఆ పిల్ల బలవంతపెట్టలేదు. వాణ్ణి చాప మీద పడుకోబెట్టి టీ పెట్టడానికి వెళ్లింది. వాడు ఇటు తిరిగి ఏవో ఊసులాడాడు. ఆమె కూర్చున్న చోటి నుంచే ఊఁ కొట్టింది. వాడు నిద్రపోయాక, వెళ్లొస్తానని మెల్లగా చెప్పి తన గదికి వచ్చేసింది.