పాత కంప్యూటరు మర్యాద

ప్రెస్సులో అందరికీ ఆవిడ పిన్నిగారే. ఆవిడకంటే ఏడాది పెద్దవాడైన ఓనరుకూ పిన్నిగారే. కరపత్రాలు, కార్డులు కంప్యూటర్లో కంపోజు చేయడం ఆవిడ పని. పాత కంప్యూటరులో పేజీని ప్రింటుకు ఇవ్వగానే చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. అది ముగిసేలోగా ఇంకేది ముట్టుకున్నా మిషను బిగుసుకుపోయేది మరి.

కొత్త కంప్యూటరు వచ్చినా ఆ చేతులు అలవాటు కొద్దీ ఒళ్ళోకే పోయాయి. ఓనరు చూశాడు.

"ఇలా ఖాళీగా కూర్చుంటే కష్టం పిన్నిగారూ. వేరే మనిషిని చూసుకోవాల్సి వస్తుంది."

ఈ కుర్చీ పోతే ఈ వయసులో తనకింకెవరు పనిస్తారు?

మిషను బిగించిన మెకానిక్కును పట్టుకుని, పాతదానికీ కొత్తదానికీ తేడా ఏమిటని అడిగింది.

"పాతదాంట్లో ఒక ప్రోగ్రాం తనంతట తాను తప్పుకుంటేనే రెండోదానికి వంతు వచ్చేదండీ. అది మొండికేస్తే అన్నీ ఆగిపోవాల్సిందే. కొత్తదాంట్లో ఆ బతిమాలుకోవడాల్లేవు. అన్నిటినీ నడిపించే ఆపరేటింగ్ సిస్టమే వంతు లాక్కుని ఇంకోదానికి ఇచ్చేస్తుంది."

"సగంలో లాక్కుంటే తప్పులు రావూ?"

"ఎక్కడ ఆగిందో గుర్తు పెట్టుకుంటుందిగా! మళ్ళీ అక్కడి నుంచే మొదలు."

పిన్నిగారికి బుర్ర తిరిగింది. మర్యాదగా తప్పుకోమన్నదేమో బిగుసుకుపోయిందట, చేతిలోది లాక్కునేదేమో సాఫీగా నడుస్తుందట! ఏది మంచిదో ఎంతకీ తేలలేదు. తేలకపోయినా కుర్చీ ముఖ్యం కదా. ఓనరు కేకేస్తే చాలు, చేస్తున్నది వదిలేసి ఇంకోటి అందుకోసాగింది.

ఆ వారమే కొంప మునిగింది. సంతాప పత్రం సగంలో ఉండగా బట్టల దుకాణం కరపత్రం వచ్చిపడింది. అటూ ఇటూ తిరిగి చివరికి ప్రింటయినది ఇది: "మా నాన్నగారు కన్నుమూశారని తెలుపుటకు చింతిస్తున్నాము. తప్పక విచ్చేసి, మీకు నచ్చిన రంగు ఎంచుకోండి."

ఓనరు తల పట్టుకున్నాడు. పిన్నిగారు బావురుమంది.

"మిషనుకి గుర్తుంటుంది సార్, నాకుండదు. మధ్యలో పిలవకండి. చేతిలోది కాగానే నేనే లేస్తాను."

పిలిచింది తనే కాబట్టి ఓనరు సరేనని తలూపాడు.

మర్నాడు ఆవిడ తలెత్తేసరికి ఆయన కాగితం పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాడు. ఎంతసేపయిందో ఏమో!

"అయిందా పిన్నిగారూ?"

ఆవిడ తెర వంక, ఆయన వంక అయోమయంగా చూసింది.

"ఇంకొక్క పేజీ సార్" అంది.

ఆయన వెనక అప్పటికే ఇంకో ఇద్దరు తమ వంతు కోసం కాగితాలతో నిలబడి ఉన్నారు.