పుదీన మడి మీద బండలు పరచొద్దు

నా పేరు ఓబులమ్మ. వయసు డెబ్బై ఆరు. ఊరు ఆళ్లగడ్డ. ఇంట్లో నేను, కొడుకు, కోడలు, మనవరాలు. నాకు చదువు లేదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. దాని రాతకు తగ్గట్టు సర్దుకోమన్నాను గానీ, మనుషులు అన్న మాటలు మాత్రం అన్నవి అన్నట్టే పెట్టమన్నాను.

మా అక్క పోయింది. అక్క అంటే తోడబుట్టింది కాదు, నా తోడికోడలు. మా ఆయన అన్నగారి భార్య. పోయిన నెల నంద్యాలలో కొడుకు ఇంట్లో తెల్లవారుజామున కన్నుమూసింది. ఆ కబురు వచ్చేసరికి నేను పెరట్లో పుదీన గిల్లుతున్నాను. ఆమెకే, తొలి బస్సుకు తీసుకుపోదామని. మనవరాలు ఫోను చెవికి పెట్టుకుని ఏడుస్తూ బయటికొచ్చింది. చేతిలోని ఆకును ఏం చేయాలో తోచక కొంగున ముడేసుకున్నాను.

మావి పక్కపక్క ఇళ్లు, నడుమ పొట్టి గోడ, వెనక పెరడు మాత్రం ఒక్కటే. అంట్లు తోమిన నీళ్లు పారే చోట అక్క పుదీన మడి వేసింది. విత్తనం వేసి కాదు. సంతలో కొన్న కట్టలో ఆకు దూసుకుని, మిగిలిన కాడలను ఆ తడిలో గుచ్చేది. "ఆకు మనకు, కాడ మట్టికి" అనేది. నేను కాడలు పారేస్తుంటే చూస్తే చాలు, గోడ అవతలి నుంచే అరిచేది. "ఏం మే, ప్రాణముండేదాన్ని చెత్తలో ఏస్తాండావా?"

మా ఇద్దరికీ పడేది కాదు. నా నోరు పెద్దది, ఆమెది ఇంకా పెద్దది. నెలల తరబడి మాట్లాడుకోని రోజులున్నాయి. ఆ రోజుల్లో కూడా, పొయ్యి మీద చారు పొంగే వేళకు గుప్పెడు ఆకు నా గడప మీద పెట్టి, మొహం తిప్పుకుని పోయేది. ఎసరు మరిగాకే ఆకు కోయాలన్నది ఆమె పట్టుదల. ముందే కోసి పెట్టిన ఆకుతో వండితే ఆ కూర ముట్టేది కాదు.

సంతకు ఆమెతో పోవడమంటే తగాదాకు పోవడమే. గుడ్డసంచి చంకన పెట్టుకుని ప్రతి గంప దగ్గరా "ఇది యాడిది?" అని అడిగేది. కుందూ ఏటి గట్టున పండిందంటే కూర్చునేది. లారీలో వచ్చిందంటే లేచేది. ఒకసారి కొత్తిమీర అమ్మేవాడు, "పొద్దున కోసిందే అవ్వా" అన్నాడు.

"అట్లయితే అప్పుడే నిద్రపోతాందేందప్పా? లేపు, కొంటా" అంది.

వాడు నవ్వలేక, తిట్టలేక, అడుగున దాచుకున్న మంచి కట్ట తీసి ఇచ్చాడు.

కాళ్లు పడిపోయాక కొడుకు ఆమెను నంద్యాల తీసుకుపోయాడు. బాగానే చూసుకున్నాడు, అబద్ధం చెప్పను. కానీ అన్నం తినడం లేదని తెలిసి, నేను తడిగుడ్డలో పుదీన చుట్టుకుని పోయేదాన్ని. బస్సంతా వాసన. "ఏమవ్వా, బస్సులో బిర్యానీ చేస్తాండావా?" అని కండక్టరు ఎగతాళి చేసేవాడు.

అక్క ఆ ఆకును ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకునేది. "ఈడ కూడా ఆకుంటుంది మే. వాసనే రాదు" అనేది. చివరిసారి పోయినప్పుడు అడిగింది.

"మడికి నీళ్లు పోస్తాండావా?"

"పోయక యాడికి పోతా? నువ్వే వచ్చి చూసుకో."

"వస్తాలే" అంది.

వచ్చింది. అంబులెన్సులో. మడి చూసుకోలేదు.

దినాల నాడు వంటవాళ్లు నంద్యాల నుంచి వచ్చారు. నేను లోపల ఆమె పటం ముందు ఉన్నాను. బయటికొచ్చి చూస్తే, పొయ్యిలు పెట్టడానికి పెరడంతా పారతో చెక్కేశారు. పుదీన వేళ్లతో సహా గోడవారన కుప్పగా పడి, ఎండకు నల్లబడింది. దాని పక్కనే కూర్చుని ఒకడు ప్లాస్టిక్ కవర్లోంచి పుదీన తీసి ఆకు దూస్తున్నాడు.

"అది యాడిదప్పా?" అన్నాను.

"నంద్యాల నుంచి తెచ్చినాం అవ్వా."

"మరి నీ కాళ్ల కింద ఉండింది ఏంది?"

వాడు కిందికి చూశాడు. "పిచ్చి మొక్కలనుకున్యాం అవ్వా" అన్నాడు. వాణ్ని ఏమనను? ఆమె పేరు మీద నలుగురికి అన్నం పెట్టడానికి ఆమె మడినే తీసేశారు. నేను ఆ పూట అన్నం ముట్టలేదు. వాళ్లు ఆకు దూసి పారేసిన పుదీన కాడలు ఏరుకుని, పొయ్యిలు చల్లారాక, ఆ బూడిద మట్టిలోనే గుచ్చాను. నడుము పట్టేసింది. ఎవరినీ చేయి వేయనివ్వలేదు.

ఇప్పుడు అక్క కొడుకు పెరట్లో నాపబండలు దించాడు.

"మట్టి ఉంటే పురుగూ పుట్రా చిన్నమ్మా. బండలు పరిస్తే శుభ్రంగా ఉంటాది. అమ్మ పేరు మీద తులసికోట కట్టిస్తా."

"మీయమ్మ పేరు మట్టిలో ఉండాది నాయనా. దాని మీద బండ ఎయ్యాకు."

"రూపాయి పెడితే కట్ట వస్తాది, దానికి ఇంత రాద్ధాంతమా?"

అందుకే ఇది రాయిస్తున్నాను. పెరటిలో సగం నాది. తక్కిన సగంలో వాడు కోట కట్టుకోనీ, మేడ కట్టుకోనీ. నీళ్లు పారే ఆ మూల నా సగంలో ఉంది, దాన్ని నేను ఇవ్వను. నేను పోయాక కూడా అక్కడ బండ పరచకూడదు. నన్ను తిట్టడానికి ఇప్పుడు గోడ అవతల ఎవరూ లేరు. ఆ వాసన కూడా పోతే నేను ఎవరితో పోట్లాడాలి?

కోడలు వంటింట్లో స్టీలు సింకు పెట్టించింది. నేను మాత్రం పెరట్లోనే పీట వేసుకుని గిన్నెలు తోముతున్నాను. ఆ నీళ్లు బండల దొంతర పక్కనుంచి పారి కాడల దగ్గర ఆగుతాయి. చాలా కాడలు ఎండిపోయాయి. ఒకదానికి మాత్రం ఈ పొద్దున కణుపు దగ్గర రెండాకులు కనిపించాయి. గోరంత కూడా లేవు. గిల్లలేదు. వేలితో తాకి, వేలు వాసన చూసుకున్నాను.

ఆ వేలితోనే ఈ ముద్ర వేస్తున్నాను.

ఓబులమ్మ వేలిముద్ర
రాసినది: మనవరాలు సుమలత
సాక్షులు: ఎదురింటి నాగేంద్రమ్మ, సంతలో కొత్తిమీర అమ్మే దస్తగిరి