యెమెన్ ఇమాం మొహమాటం

మొన్న ఆదివారం ఇక్కడే, కెనడాలోని విన్నిపెగ్‌లో, ఒక గృహప్రవేశానికి వెళ్ళాను. భోజనాలయ్యాక ఆ ఇంటివాళ్ళ అమ్మాయి, ఈ దేశంలోనే పుట్టి పెరిగిన పిల్ల, బొబ్బట్ల ప్లేటు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. "వుడ్ యు లైక్ వన్, ఆంటీ?" అంది. కడుపులో చోటుంది, నెయ్యి వాసన ముక్కు దాకా వచ్చింది, అయినా అలవాటు కొద్దీ "వద్దమ్మా" అన్నాను. "ఓకే" అని నవ్వి, ఆ ప్లేటు పక్కావిడ ముందు పెట్టేసింది. మళ్ళీ నా వైపు రాలేదు. మన ఇళ్ళల్లో మొదటిసారి వద్దనడం మర్యాద, రెండోసారి వద్దనడం మొహమాటం. తినాలా వద్దా అన్న అసలు ఆలోచన మూడోసారి అడిగాకే మొదలవుతుంది. ఆ సంగతి ఆ పిల్లకెవరు చెప్పారు? చేజారిన బొబ్బట్టు మీదే మనసు పెట్టుకుని కూర్చుంటే, నాకు యెమెన్ ఇమాం గుర్తొచ్చాడు.

అసలు ఇమాం కాదు లెండి. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. నాకు గుర్తొచ్చింది నల్గొండ వైపు నుంచి చదువుకోవడానికి వచ్చిన ఒక అమ్మాయి. మన పిల్లలు విమానాలకి విమానాలు దిగుతున్న రోజులవి. కాలేజీల్లో కుర్చీలు చాలక, పాఠాలు చెప్పేవాళ్ళు చాలక, హైదరాబాదులో ఇరవై ఏళ్ళు చరిత్ర చెప్పి ఇక్కడికొచ్చి ఖాళీగా కూర్చున్న నన్ను కూడా పిలిచారు. ఎవరూ చెప్పడానికి ఇష్టపడని కోర్సు నా నెత్తిన పెట్టారు: రెండు ప్రపంచ యుద్ధాల నడుమ అరేబియా. నేను జంకలేదు. నా పాఠం మీద నాకెప్పుడూ అనుమానం లేదు. మన పిల్లలు మాత్రం అరేబియా మీద ప్రేమతో చేరలేదు, మేడం తెలుగావిడ అని విని చేరారు. తెలుగావిడ చూసీచూడనట్టు మార్కులు వేస్తుందనుకున్నవాళ్ళకి మొదటి పరీక్షతోనే ఆ భ్రమ వదిలింది.

ఆ కాలం కథ పుస్తకంలో చదివితే నిద్రొస్తుంది గాని, నిజానికి మంచి రసవత్తరమైన కథ. యుద్ధంలో ఓడిన టర్కీ ఆ ఎడారి మీద పట్టు వదిలేసింది. ఇక అందరి కళ్ళూ అక్కడే. యెమెన్‌కి దక్షిణాన ఏడెన్ రేవు బ్రిటన్ చేతిలో ఉంది. ఎర్రసముద్రానికి అవతలి ఒడ్డున ఇటలీ కాచుకుని కూర్చుంది. రష్యా వాళ్ళు ఓడల్లో కిరోసిన్, పంచదార పంపి స్నేహం కలుపుకోవాలని చూశారు. ఎడారి నడిబొడ్డున నజ్ద్ రాజు ఒక్కొక్క ఊరూ గెలుచుకుంటూ పెరుగుతున్నాడు. యెమెన్ కొండల మీద, మతానికీ రాజ్యానికీ తానే పెద్దయిన ఇమాం మాత్రం, ఏడెన్ వెనకున్న ప్రాంతమంతా తనదేనంటూ ఎవరికీ అంతు చిక్కకుండా కూర్చున్నాడు. దీన్నంతా నేను క్లాసులో ఆటగా ఆడించాను. చీటీ తీసి తలా ఒక రాజ్యం ఇచ్చాను. బల్లల దగ్గర కూర్చుని బేరాలాడుకోవాలి, ఒప్పందాలు రాసుకోవాలి. సగం మార్కులు దానికే. ఆ మార్కులు నాతోపాటు మా డిపార్ట్‌మెంట్ పెద్దాయన కూడా వచ్చి, చూసి వెయ్యాలి.

నల్గొండ అమ్మాయికి ఇమాం వచ్చాడు. పొద్దున్నే కాఫీ షాపులో పని చేసి, జుట్టు నిండా వేయించిన కాఫీగింజల వాసనతో క్లాసుకొచ్చేది. మొదటి టర్మ్‌లో పనీ చదువూ పొసగక రెండు సబ్జెక్టులు పోయాయి. కాలేజీ వార్నింగ్ ఇచ్చింది. ఇంకొక్కటి పోతే కాలేజీలోంచి తీసేస్తారు, కాలేజీ పోతే స్టడీ పర్మిట్ కూడా పోతుంది. ఆ ఒక్కటీ నా సబ్జెక్టు కాకుండా ఉండాలని నేను మనసులో గట్టిగా కోరుకున్నాను. కోరుకున్నంత మాత్రాన మార్కులు పడవు కదా.

బ్రిటన్ ఒక ఇక్కడి కుర్రాడికి పడింది. గోధుమ పొలాల మధ్య పెరిగినవాడు, మర్యాదకి మారుపేరు. మొదటి రోజు ఇమాం బల్ల దగ్గరికొచ్చి, ఏడెన్ జోలికి రాకపోతే మీ రాజ్యాన్ని గుర్తిస్తాం, వ్యాపారం చేస్తాం అన్నాడు. మా అమ్మాయి తలొంచుకుని "నో, థాంక్యూ" అంది. అతను సరేనని వెళ్ళి నజ్ద్ రాజుతో బేరం పెట్టుకున్నాడు. కాసేపాగి ఇంకా మంచి షరతులతో వచ్చాడు. మళ్ళీ "ఇట్స్ ఓకే, నో" అంది. మీ అభిప్రాయాన్ని గౌరవిస్తున్నానని చెప్పి, చెయ్యి కలిపి వెళ్ళిపోయాడు. క్లాసయ్యేసరికి ఇమాం చేతిలో ఒక్క ఒప్పందం లేదు. ఆ అమ్మాయికి బేరమాడడమే తెలియదు, వచ్చేవారం కూడా ఇలాగే ఉంటే పాస్ చెయ్యడం కుదరదని పెద్దాయన నాతో నిక్కచ్చిగా చెప్పారు.

బయట వరండాలో ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ నిలబడింది. "ఇంకోసారి అడుగుతడనుకున్న మేడం. గింత జల్ది లేచిపోతడని నాకేం ఎర్క?" అంది.

నాకు నవ్వాగలేదు. దుఃఖం కూడా వచ్చింది. ఇంటికొచ్చిన చుట్టానికి మూడోసారి వడ్డించే దేశం నుంచి వచ్చిన పిల్ల, బ్రిటిష్ సామ్రాజ్యం తనని బతిమాలుతుందని కాచుకుని కూర్చుంది! ఎలా ఆడాలో చెప్పడం నా పని కాదు. ఒక్క మాట మాత్రం అన్నాను: "నువ్వు వద్దంటే వాళ్ళు వద్దనే వింటారమ్మా. అలాంటివాళ్ళ ముందు ఎప్పుడు వద్దనాలో నువ్వే ఆలోచించుకో."

మరుసటి వారం ఇటలీ వచ్చి ఇమాం ఎదుట కూర్చుంది. ఆ ఇటలీ రాజమండ్రి కుర్రాడు, ఊళ్ళో ఏ పెళ్ళయినా వడ్డన వాడిదేనట. తుపాకులిస్తామన్నాడు, వద్దంది. డాక్టర్లని పంపుతామన్నాడు, వద్దంది. క్లాసులో ఇంగ్లీషే మాట్లాడాలన్న నా నియమం గోదాట్లో కలిపేసి, "అలాక్కాదక్కా, మా మాట మీద ఇదొక్కటీ ఏయించుకోవాల. నువ్వు ఊ అనేదాకా నేనిక్కణ్ణించి లెగను" అన్నాడు. ఏడెన్ ఊసెత్తకుండా, ఆయన్ని యెమెన్‌కి రాజుగా గుర్తిస్తామని రాసిచ్చాడు. ఇమాం నింపాదిగా సంతకం పెట్టాడు. నిజం చరిత్రలోనూ బ్రిటన్ కన్నా ముందు ఇటలీయే సంతకం పట్టుకుపోయింది.

ఆ కబురు పక్క బల్లకి పాకగానే బ్రిటన్ కుర్రాడు కంగారుగా వచ్చాడు. పాత షరతులే చదివాడు. ఈసారి మా అమ్మాయి తల దించుకోలేదు. అతని కళ్ళలోకి చూసి "నో, థాంక్యూ" అని ఊరుకుంది. అతను లేవబోయాడు. ఇటలీ సంతకం కాయితం బల్ల మీద ఎదురుగా కనబడింది. మళ్ళీ కూర్చున్నాడు. ఆమె మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దం భరించలేక అతనే రాజ్యాన్ని గుర్తిస్తామన్నాడు, ఆమె ఉలకలేదు. సరిహద్దు తగవు ఇప్పుడు తేల్చొద్దు, ఎక్కడున్నది అక్కడే ఉంచుదామన్నాడు. అంటే ఇమాం ఏడెన్ వెనకున్న నేల మీద హక్కు వదులుకోనక్కర్లేదు. అప్పుడు కలం తీసింది. అసలు ఇమాం కూడా ఏళ్ళు గడిపి, చివరికి దాదాపు ఆ షరతుకే ఒప్పుకున్నాడు. ఈ విద్య ఎక్కడ నేర్చుకుందని పెద్దాయన నా చెవిలో అడిగారు. భోజనాల దగ్గర, అన్నాను. నేనేదో హాస్యమాడుతున్నాననుకున్నారు. మార్కులు మాత్రం నాకన్నా ఎక్కువే వేశారు.

ఇప్పుడా అమ్మాయి వాంకూవర్‌లో ఉంది. ఓడల్లో సరుకు పంపే ఆఫీసులో రేట్లు మాట్లాడే ఉద్యోగం. అవతలివాళ్ళ మీద నాకు జాలేస్తుంది. గృహప్రవేశం నుంచి ఇంటికి రాగానే ఫోన్ చేసి బొబ్బట్టు సంగతి చెబితే పగలబడి నవ్వింది. "నాకు చెప్పిన పాఠం మీరే మర్చిపోయిన్రా మేడం? మా ఇంటికి రాన్రి, నేను చేసి పెడ్త" అంది. ఎప్పటి అలవాటే, "ఎందుకమ్మా నీకు శ్రమ" అన్నాను.

అవతల చప్పుడు లేదు. బ్రిటన్ కుర్రాణ్ణి కుర్చీలో మళ్ళీ కూర్చోబెట్టిన ఆ మౌనమే. రెండు క్షణాలు కూడా ఆగలేకపోయాను. వస్తాను, ఈ నెలలోనే టికెట్ తీసుకుంటాను అని గబగబా ఒప్పేసుకున్నాను. మంచిదే అయింది. నా వయసులో ఇక మొహమాటాలు పనికిరావు. కాలం కూడా ఆ గృహప్రవేశం ఇంటి పిల్లలాంటిదే. ఒక్కసారే అడుగుతుంది, వద్దంటే "ఓకే" అని నవ్వి పక్కవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోతుంది.