ఇంట్లో ఇద్దరికి ఒకే పేరు

మనవరాలు పుట్టిన దగ్గర్నుంచీ మా ఇంట్లో పేరు గొడవే. కాన్పు ఏలూరులో అయింది, బారసాల మాత్రం తాడేపల్లిగూడెంలో మా ఇంట్లో చేద్దామనుకున్నాం. అమ్మాయీ అల్లుడూ పొద్దస్తమానం ఫోన్లో పేర్లు వెతకడమే పని. ఒక్కటీ నోరు తిరిగే పేరు కాదు. నాకసలే ముక్కు మీద కోపం. "ఇవి మనిషికి పెట్టే పేర్లేనా, మందుబిళ్ళలకి పెట్టేవా?" అన్నాను. అల్లుడు నవ్వాడు, అమ్మాయి మూతి ముడుచుకుంది.

మర్నాడు దానికే ఏం తోచిందో, "తాతయ్య పేరు పెడదామమ్మా" అంది. తాతయ్యంటే మా నాన్నగారు. పోయి చాలా ఏళ్ళయింది. అల్లుడు ఫోన్లో చూసి, "ఇది ఆడపిల్లలకీ పెడతారంట అత్తయ్యా, మగపిల్లలకీ పెడతారంట" అన్నాడు. పక్కనే కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్న మా అమ్మ చెయ్యి ఆగింది. నేను చూశాను. మిగతావాళ్ళు చూడలేదు.

ఆ పేరేంటో ఇక్కడ రాయనండి. పసిదాని పేరు, రేపు అదే తన నోటితో చెప్పుకుంటుంది. మా వైపు వీధికొకరికి ఉండే పేరే, పెద్ద విశేషమేం కాదు. విశేషమల్లా ఏంటంటే, అది మా నాన్నగారి పేరే కాదు, మా అమ్మ పేరు కూడా.

ఈ సంగతి నాకు కొల్లేట్లో తెలిసింది. చిన్నప్పుడు ఏదో లంక ఊళ్ళో పెళ్ళికని ముగ్గురం పడవెక్కి వెళ్తున్నాం. పడవాయన గెడ వేస్తుంటే కిక్కిస గడ్డి దుబ్బుల వెనక నుంచి గూడబాతులు లేస్తున్నాయి. గట్టు మీద ఎవరో ఆవిడ తన పిల్లని గొంతెత్తి పేరు పెట్టి పిలిచింది. నాన్నగారు తల తిప్పారు. పక్కనే అమ్మా తిప్పింది. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "నన్నే అనుకున్నానే" అన్నారు నాన్నగారు. "నేనూనండీ" అని అమ్మ పమిట కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఇద్దరూ ఒకటే నవ్వు. వాళ్ళలా కలిసి నవ్వడం నేను ఎక్కువసార్లు చూడలేదు. ఇప్పుడు తల్చుకున్నా నాకు ఎంతో బాగుంటుంది.

పెళ్ళింట్లో నాకు జడేస్తూ అమ్మ మొత్తం చెప్పింది. అమ్మది ఉండి అనే ఊరు, నాన్నగారిది పెంటపాడు పక్కన పల్లె. ఇద్దరి పేరూ ఒకటేనని సంబంధం కుదిరినప్పుడు అందరూ ముచ్చటపడ్డారట. కొత్త కోడలు గడప దాటేముందు ఆడపడుచులు గుమ్మానికి అడ్డం నిలబడి పేర్లు చెప్పమంటారు కదా. అమ్మ ఒక్క పేరే చెప్పింది, అదే ఇద్దరికీ సరిపోయింది. వచ్చినవాళ్ళంతా విరగబడి నవ్వారట. మా నాయనమ్మకి ఆ నవ్వు నచ్చలేదు. "ఇంట్లో ఇద్దరికి ఒకే పేరేంటి, ఒకర్ని పిలిస్తే ఇంకొకరు పలుకుతారు" అందిట. అది పైకి చెప్పే మాట. కొడుకుది ఆడపేరని ఊళ్ళో ఎగతాళి చేస్తారని ఆవిడ భయం. ఆ సాయంత్రానికే అమ్మకి ఎవరో దేవత పేరు పెట్టేసింది. మొగుడి పేరు నోటితో అనకూడదాయె, దాంతో అమ్మ తన పేరు తను అనుకోడానిక్కూడా లేకుండా పోయింది. "ఎవరికీ చెప్పకే, నాన్నగారు నవ్వులపాలవుతారు" అంది. చెప్పనని మాటిచ్చాను.

ఆ తర్వాత ఎవరైనా ఇంటికొచ్చి "మీవారి పేరేంటండీ" అని అడిగితే అమ్మ నా వైపు చూసేది. నేను చెప్పేదాన్ని, కావాలని కాస్త గట్టిగానే చెప్పేదాన్ని. అమ్మ తల వంచుకుని వినేది.

వేసవి సెలవులకి అమ్మ పుట్టింటికి, ఉండికి వెళ్తే మాత్రం ఆవిడ వేరే మనిషి. కాలవ వంతెన దిగుతుండగానే ఎవరో ఒకరు "ఎప్పుడొచ్చావే" అంటూ పాత పేరు పెట్టి పలకరించేవారు. మా అమ్మమ్మైతే చివర సాగదీసి పిలిచేది, దొడ్డి అవతలికి కూడా వినపడేలా. అమ్మ "ఆఁ, వస్తున్నా" అంటూ చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని పరిగెత్తేది. పరిగెత్తే అమ్మని నేను ఉండిలోనే చూశాను. మమ్మల్ని తీసుకెళ్ళడానికి నాన్నగారు రాగానే అక్కడా ఆ పిలుపు ఆగిపోయేది. అల్లుడుగారి పేరు పెట్టి వీధిలో ఎవరు కేకేస్తారు? అమ్మ మళ్ళీ మెల్లిగా నడిచేది.

మా అమ్మమ్మ వాళ్ళ వరిచేలన్నీ ఇప్పుడు చేపల చెరువులు. అమ్మమ్మ పోయింది, మామయ్యలు పోయారు, పక్కింటివాళ్ళూ పోయారు. అమ్మని ఆ పేరుతో పిలిచే మనిషి ఇప్పుడు భూమ్మీద లేరు. అందుకే అమ్మాయి నోట ఆ మాట వచ్చినప్పట్నుంచీ నాకొకటే ఆత్రం. ఆ పేరు మళ్ళీ మా ఇంట్లో ఒక ఆడపిల్లకి ఉండాలి. నాన్నగారి కోసమని అందరూ అనుకుంటే అనుకోనీ అనుకున్నాను.

తీరా బారసాల పొద్దున మా వియ్యపురాలు వచ్చి నా పక్కన కూర్చున్నారు. చాలా మర్యాదస్తురాలు. ఏ మాటన్నా పంచదార అద్దే అంటారు. "ఏమనుకోకండి వదినగారూ, ఆడపిల్లకి మగపేరేంటండీ. రేపు బళ్ళో మగపిల్లల వరసలో నించోబెడతారు. మీ నాన్నగారంటే మాకూ గౌరవమేనండి, కానీ పిల్లని పిలిచినప్పుడల్లా గోడ మీద ఫొటోలో ఆ మీసాలే గుర్తొస్తాయి" అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. అప్పుడేమో ఆడపేరని అమ్మ దగ్గర లాగేసుకున్నారు, ఇప్పుడేమో మగపేరని పిల్లకి వద్దంటున్నారు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. అమ్మకిచ్చిన మాట గుర్తొచ్చి మింగేశాను.

"పైగా పెద్దావిడ ఉన్నారు కదండీ" అన్నారు వియ్యపురాలు, ఈసారి గొంతు తగ్గించి. "తాతమ్మగారికి మునిమనవరాల్ని నోరారా పిలుచుకోవాలని ఉండదూ? కట్టుకున్నాయన పేరాయె. ఆవిడెలా పిలుస్తారు చెప్పండి?"

ఆవిడ మంచికే అన్నారు. అదే వచ్చిన చిక్కు. మా అమ్మాయి మొహం మారిపోయింది. "నిజమేనమ్మా, అమ్మమ్మ పిలవలేని పేరు మాకెందుకు" అంది. పళ్ళెంలో బియ్యం పరిచి ఉన్నాయి. అల్లుడు పేరు రాయడానికి ఉంగరం చేత్తో పట్టుకుని, గోడ మీద పిల్లిలా అటూ ఇటూ చూస్తున్నాడు. ఇంక అయిపోయిందనుకున్నాను. చెప్పొద్దూ, నాకు మా నాయనమ్మ మీద ఇన్నేళ్ళ తర్వాత కోపం వచ్చింది.

అమ్మ కుర్చీలోంచి లేచింది. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఉయ్యాల దగ్గరికి వచ్చింది.

"ఆయన పేరొక్కటే కాదండీ, అది నా పేరు కూడా" అంది వియ్యపురాలితో. "మా అమ్మావాళ్ళు పెట్టింది. ఆయన్ని చూసి నవ్వుతారని ఇన్నాళ్ళూ దాచుకున్నాను. ఇప్పుడెవరైనా నవ్వినా ఆయనకేం కాదులెండి. నా పేరు నేను పిలుచుకోలేనా?"

అమ్మ ఉయ్యాల మీదికి వంగి పిల్లని పేరు పెట్టి పిలిచింది. చివర సాగదీసి, అచ్చం మా అమ్మమ్మ పిలిచినట్టే పిలిచింది. నాకు ఏడుపు ఆగలేదు. అంతమంది ముందు ఏడ్చాను, సిగ్గనిపించలేదు. వియ్యపురాలు కళ్ళు ఒత్తుకుని, "ఇంకా చూస్తావేంట్రా, రాయి" అన్నారు కొడుకుతో.

పిల్ల ఇంకా మా దగ్గరే ఉంది. దానికింకా తన పేరు తెలీదు, ఎవరు పిలిచినా ఫ్యాను కేసి చూస్తుంది. మొన్న మా అమ్మాయి ముందుగదిలో దాన్ని ఆడిస్తూ గట్టిగా పేరు పెట్టి పిలిచింది.

వెనక నుంచి "ఆఁ, వస్తున్నా" అని వినిపించింది. అమ్మ ఒక చేత్తో గోడ పట్టుకుని, ఇంకో చేత్తో చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని గబగబా వస్తోంది. "నిన్ను కాదు అమ్మమ్మా" అనబోయింది మా అమ్మాయి. నేను దాని చెయ్యి పట్టుకుని ఆపాను.