రెండు జడల పరీక్ష

ఈ మధ్య వచ్చే రబ్బరు బ్యాండ్లలో పస లేదు. పొద్దున ఫైలుకు వేస్తే సాయంత్రానికి తెగి, బీరువా కింద విశ్రాంతి తీసుకుంటున్నాయి. వెనకటివి అలా కాదు. ఆ సంగతి సింధు జడలకు బాగా తెలుసు.

కరోనాకు ముందటి ఏడు, ఎండాకాలం. కర్నూలు కుటుంబ న్యాయస్థానంలో నేను కౌన్సిలర్‌ని. అంటే, జడ్జిగారి ముందుకు పోయేలోపు భార్యాభర్తలు గొంతు సవరించుకోవడానికి ఎవరి మీద అరుస్తారో ఆ మనిషిని. నా గది పక్కనే పిల్లల గది. అందులో మూడు చక్రాల కారు ఒకటి (పుట్టినప్పుడు నాలుగే), గోడ మీద చెవులు చెరిగిపోయిన ఏనుగు బొమ్మ. ఇప్పుడక్కడ అన్నీ కొత్త రంగులే. నాకు మాత్రం ఆ ఏనుగే గుర్తొస్తుంది. ఆ గదిలో మాటలేవీ వినకుండా బతికిపోయింది అదొక్కటే.

విడాకులయ్యాక ఆరేళ్ల సింధు కస్టడీ, అంటే దగ్గర ఉంచుకుని పెంచే హక్కు, తల్లి ఉరుకుందమ్మకు వచ్చింది. ఆమెది ఆదోని పక్క పల్లె. తండ్రి ఓబులేసు కమలాపురం దగ్గర రైతు. శనివారాలు వచ్చి, ఆ గదిలో కాసేపు కూతురితో గడిపి పోయేవాడు. దాన్ని మేము విజిటేషన్ అంటాం. సెలవుల్లో పాపను పదిరోజులు తన ఊరికి పంపమని పిటిషన్ వేశాడు. రిపోర్టు నేనివ్వాలి.

తల్లి అభ్యంతరం ఒక్కటే.

"ఆ ఇంట్లో ఆడమనిషి లేదు సార్. పాపకు జడలెవరేస్తారు? తల పేన్ల పుట్ట అయితాది."

"ఎనుములకు పలుపులు పేనేది నేనే గద సార్" అన్నాడు ఓబులేసు, గేదెల తాడు పేనినట్టు చేతులు ఆడిస్తూ. "జడ ఎంత పని?"

"పలుపేసి గాటికి కట్టేస్తాడేమో అడగండి సార్."

ఒకరితో ఒకరు కాదు, వాళ్లిద్దరూ మాట్లాడుకునేది నా ముఖంతోనే.

సరే, వచ్చే శనివారం వేసి చూపించమన్నాను. చట్టంలో ఇలాంటి పరీక్ష లేదు. ఉండుంటే నేనూ తప్పేవాణ్ణి.

ఓబులేసు కొబ్బరినూనె, దువ్వెన, రబ్బరు బ్యాండ్లతో దిగాడు. ఉరుకుందమ్మ వాకిట్లో నిలబడింది. అతను మూడు పాయలు తీసి, పలుపు పేనినట్టే బిగించాడు.

"నాయనా, మెల్లగా! నేనేమన్నా ఎనుమునా?"

"అదే నయం తల్లీ. తల కదిలియ్యదు."

జడలు పూర్తయ్యాయి. ఒకటి తూర్పుకు, ఒకటి పడమరకు. కానీ పాప ఎంత గెంతినా ఊడలేదు. ఉరుకుందమ్మ వచ్చి రెండింటినీ లాగి చూసింది.

"పోయి రానీలే సార్" అని సంతకం పెట్టింది.

'సమస్య పరిష్కారమైంది' అని రాయడానికి పెన్ను తెరిచాను. రాయలేదు. ఆ తర్వాత ఏ రిపోర్టులోనూ రాయలేదు. 'పాప సెలవులకు వెళ్లింది' అంటే చాలు, అంతకు మించి మనకు తెలియదని ఆ రోజే నేర్చుకున్నాను. ఎందుకంటే, పాప చెయ్యి అతనికి అందిస్తూ ఉరుకుందమ్మ మొదటిసారి నా ముఖం వదిలేసి, నేరుగా అతన్నే అడిగింది:

"నా చెయ్యి ఇరిగి కట్టు కట్టినప్పుడు, నెల దినాలు తల ఇరబోసుకోని తిరిగితి. అప్పుడు ఈ చేతులు యాడ పెట్టుకుంటివి?"