చంద్రమ్మ మేస్త్రి, ఎర్రమట్టి గోడ

పాలమూరు నుంచి హైదరాబాదుకు వచ్చిన ఇరవై రెండేళ్లలో చంద్రమ్మ ఎక్కని అంతస్తు లేదు. హైటెక్ సిటీలో అద్దాల మేడలు లేస్తున్నప్పుడు పన్నెండో అంతస్తు దాకా ఇసుక తట్ట నెత్తిన మోసింది. మేడ పూర్తయ్యాక అదే గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లు ఆపేశారు, అది వేరే సంగతి. ఇన్నేళ్లలో ఆమె చేతికి రానిది ఒక్కటే, తాపీ. తాపీ పట్టినవాడు మేస్త్రి, తట్ట మోసేది కూలి. ఆడది ఎంత పని నేర్చినా తట్ట దగ్గరే ఆగిపోవాలి. ఈ రూలు ఏ చట్టంలో రాశారో ఆమెకు తెలియదు, మనకూ తెలియదు. కానీ నగరంలో ఏ కట్టడం దగ్గరికి వెళ్లినా అదే అమలు.

అది సకల జనుల సమ్మె మూడో వారం. కొండాపూర్‌లో, ద్రాక్షతోటలున్న కాలం నాటి పాత గోడౌనొకటి ఆఫీసుగా మారుతోంది. రాగులు, జొన్నలు అందమైన పొట్లాల్లో అమ్మే కంపెనీ దాన్ని కిరాయికి తీసుకుంది. కూలగొట్టొద్దు, ఉన్న ఇటుకలూ టేకు దూలాలే వాడాలి, ఘాటు వాసన కొట్టే రంగులు వద్దు అని వాళ్ల పట్టుదల. మంచి పట్టుదలే. తలుపు తీయగానే ఎదురయ్యే పెద్ద గోడ మాత్రం కంపెనీ గుర్తు రంగులో, అంటే ఎర్రమట్టి రంగులో ఉండాలి. దాని మీద కంపెనీ పేరు. దసరా నాడు ప్రారంభం.

ఆ రంగు బొంబాయిలో తయారైంది.

"లారీ జహీరాబాద్ దగ్గర ఆగిపోయిందటండీ. ఇంక అయిదు రోజులే ఉంది" అని రసజ్ఞ తల పట్టుకుంది. ఆఫీసు లోపలి అలంకరణ అంతా ఆ అమ్మాయిదే. ఊరు భీమవరం, ఉండేది నిజాంపేటలో.

"సమ్మె గద మేడం, ఆగకుంటె ఎట్ల?" అన్నాడు మొగిలి మేస్త్రి, మెడలో గులాబీ కండువా సర్దుకుంటూ. "మేం గూడ చౌరస్తల వంటావార్పుకు పోతున్నం. రోడ్డు మీదనే వంట, రోడ్డు మీదనే తిండి. మీరు గూడ రాండ్రి, అన్నం పెడ్తం."

అక్కడే తట్ట మోస్తున్న చంద్రమ్మ రసజ్ఞ చేతిలోని రంగు కార్డు తీసుకుని వెలుగులో తిప్పి చూసింది.

"గీ రంగేనా బిడ్డా? పక్కన టవర్ కోసం గుంత తవ్విండ్రు గద, గా కుప్పంత గిదే మట్టి. గిదానికి బొంబాయి దాంక పోయిండ్రా?"

పక్కనున్న రేణుక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. రేణుక కూడా తట్ట మోసేదే, చంద్రమ్మకు చెల్లెలి వరస.

"మా ఊర్ల ఇల్లంత నేనే అలికేదాన్ని. గోడ నాకియ్యి, నాలుగు దినాలల్ల చేసి చూపిస్త. మొగులన్నా, నీ తాపీ జర ఇటియ్యి."

"ఆడోళ్లు తాపీ పట్టుడేంది?" మొగిలి తాపీని సంచిలోకి తోశాడు. "పరాచికాలా?"

"రాష్ట్రం ఇయ్యాలె, మా హక్కు ఇయ్యాలె అని చౌరస్తల గొంతు చించుకుంటవ్. నీ చేతుల తాపీ మాత్రం ఇయ్యవ్. నాది హక్కు గాదా?"

మొగిలి కండువా దులుపుకుని వంటావార్పుకు వెళ్లిపోయాడు.

రసజ్ఞ ఒక్క నిమిషం ఆలోచించి, "చేయండి చంద్రమ్మగారూ. బాగా రాకపోతే మాత్రం మనిద్దరికీ ఉద్యోగాలుండవు" అంది.

చంద్రమ్మా, రేణుకా మట్టి జల్లెడ పట్టారు. రాత్రంతా నానబెట్టి, ఇసుక, పేడ, తరిగిన గడ్డి, తుమ్మబంక నీళ్లు కలిపి తొక్కారు. పొద్దున వంటావార్పులో జై తెలంగాణ అనడం, మధ్యాహ్నం గోడ ఎక్కడం. తాపీ లేదు కాబట్టి అరచేత్తోనే పూసి, నున్నటి గులకరాయితో రుద్దింది చంద్రమ్మ. సాయంత్రాలు గోడౌన్ ముందే బతుకమ్మ. రసజ్ఞ కూడా చేరింది. ఆమె చప్పట్లు ఒక్కటీ వరసలో పడకపోయినా ఎవరూ వెళ్లగొట్టలేదు.

నాలుగో రోజుకి గోడ ఆరింది. కార్డు ఆనించి చూస్తే కార్డే కాస్త వెలిసిపోయినట్టు కనిపించింది. ఆ సంబరంలో చంద్రమ్మ ఊళ్లో చేసినట్టే చేసేసింది. ఎర్రగోడ మధ్యలో, సరిగ్గా పేరు రావలసిన చోట, రెండు చేతుల వెడల్పున తెల్లటి ముగ్గు.

రసజ్ఞ చూసి నిలబడిపోయింది. "అయ్యో, ఇక్కడ అక్షరాలు రావాలండి! పేరు తప్ప ఇంకేమీ ఉండకూడదన్నారు."

"అలికి ముగ్గెయ్యకుంటె సావు జరిగిన ఇల్లనుకుంటరు బిడ్డా. పండుగ పూట గట్ల ఇడుస్తనా?"

"జూసిండ్రా మేడం!" మొగిలికి ప్రాణం లేచొచ్చింది. "గందుకే ఆడోళ్లకు ఇయ్యొద్దంట. రేపు పొద్దుగాల్ల ప్రారంభం, ఇగ ఏం జేస్తరు?"

చంద్రమ్మకు ఇది ఇరవై రెండేళ్లకు చేతికందిన ఒక్క గోడ. పోతే మళ్లీ తట్టే. గోడను పైనుంచి కిందికి చూసింది.

"నిజమే, తప్పు నాదే. ముగ్గు గోడ కాళ్ల కాడ ఉండాలె, నేనే నెత్తికెక్కించిన. మీ రంగైతే గోడంత మల్ల వెయ్యాలె. గిది మట్టి. రేణుకా, తడిగుడ్డ!"

ముగ్గు మేర తడిపి, మెల్లగా గీకి, అంచులు నానబెట్టి, కొత్త మట్టిని పాతదాంట్లోకి వేళ్లతో కలిపేసింది. గులకరాయి తిప్పింది. ఆరేదాకా నలుగురూ గోడనే చూస్తూ కూర్చున్నారు. పొద్దు వాలేసరికి ఏది పాతదో ఏది కొత్తదో తేలలేదు. మొగిలి అరచేత్తో తడిమాడు, గోరుతో గీరాడు, చెంప ఆనించి ఏటవాలుగా చూశాడు.

"అతుకేదక్కా?"

"నువ్వే దేవులాడు."

దొరకలేదు. రసజ్ఞ గోడ అడుగున చేతితో చూపించి, "ఇక్కడ వేయండి ముగ్గు. పైవాళ్లకు నేను చెప్పుకుంటాను" అంది. తర్వాత గొంతు సవరించుకుని, "మిగతా మూడు గదుల గోడలు కూడా మీరే చేయాలి, మేస్త్రిగారూ" అంది.

"చేస్త మేడం" అన్నాడు మొగిలి.

"మిమ్మల్ని కాదండీ. చంద్రమ్మగారిని."

రేణుక నవ్వు దూలాల దాకా వెళ్లింది. చంద్రమ్మ మాత్రం వెంటనే ఒప్పుకోలేదు. "నన్నొక్కదాన్నే మేస్త్రంటె కాదు బిడ్డా. రేణుక గూడ గోడ ఎక్కుతది. రేపు దాని కింద ఇంకొకతె ఎక్కుతది. గట్లయితెనే చేస్త."

"గట్లయితె మట్టి ఎవలు మోస్తరు?" మొగిలి అడిగాడు.

దసరా మర్నాడు రెండో గదిలో నిచ్చెన మీద చంద్రమ్మ, బల్ల మీద రేణుక. ఇద్దరి చేతుల్లోనూ తాపీలు. కింద గులాబీ కండువా తలకు చుట్టుకున్న మొగిలి, తట్ట పైకెత్తి అందిస్తూ మూలిగాడు.

"జర మెల్లగ పుయ్యుండ్రి అక్కా, నా నడుము పోతది."

"పోనీ తమ్మీ, మాది ఎప్పుడో పోయింది. మట్టి గట్టిగైంది, జర పల్చగ కలుపుకరా."